సవరణ: క్యాథ్ ముందు పిల్లలకు నీళ్లు ఆపడం గురించి

పిల్లల గుండె క్యాథెటరైజేషన్ (క్యాథ్ అంటే ఇదే: మామూలుగా తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపి చేసే పరీక్ష లేదా చికిత్స) మీద ఇంతకుముందు రాసిన పోస్టులో "ముందు రోజు అర్ధరాత్రి నుంచి చుక్క నీళ్లు కూడా పట్టకూడదు" అన్నాను. అది తప్పు. పెద్దవాళ్లకు చెప్పే పాత మాటను పసిపిల్లలకూ అంటగట్టేశాను.

మత్తులో ఉండగా పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోకూడదనే ఈ జాగ్రత్త. మామూలుగా అన్నం, డబ్బాపాలు 6 గంటల ముందు ఆపుతారు, తల్లిపాలు 4 గంటల ముందు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకూ పట్టొచ్చు. కొన్నిచోట్ల గంట ముందు వరకూ ఒప్పుకుంటారు. మీ బిడ్డకు మత్తు డాక్టరు చెప్పిన టైమే లెక్క.

పెదాలు, గోళ్లు నీలంగా ఉండే పిల్లల విషయంలో నా తప్పు ఇంకా పెద్దది. వాళ్లకు ఎర్రకణాలు ఎక్కువై రక్తం ముందే చిక్కగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కేసు లేటవుతోందంటే ఊరుకోకండి, "ఈలోపు నీళ్లు పట్టొచ్చా, సెలైన్ పెడతారా?" అని అడగండి. విసుక్కుంటారేమోనన్న మొహమాటం ఇక్కడ వద్దు.

ఇంకొకటి. క్యాథ్ అయ్యాక గొట్టం తీసి తొడ దగ్గర కట్టు వేశాక "కాలు కదపకుండా చూస్తే చాలు" అని రాశాను. చాలదు. దుప్పటి తీసి రెండు పాదాలూ తాకి చూడండి. ఒకటి చల్లగా, పాలిపోయి ఉంటే వెంటనే నర్సును పిలవండి.