పట్టా నాది, జడ ఊరిది

పాత పహాణీలు చూసినవాళ్లకు తెలుసు. పట్టాదారు పేరుకు ఒక కాలమ్, అనుభవదారు పేరుకు ఇంకో కాలమ్ ఉండేవి. భూమి ఒకరి పేరు మీద, దున్నుకునేది ఇంకొకరు. ఆ రెండు కాలమ్‌ల మధ్య ఎన్ని కుటుంబాలు కోర్టు మెట్లెక్కి ముసలివైపోయాయో నల్లగొండలో ఏ వకీలునడిగినా చెప్తాడు. నాకు గుంట భూమి లేదు కాబట్టి ఆ తిప్పలు లేవనుకున్నాను. ఏడో నెల కడుపుతో, మే నెల మధ్యాహ్నం, తలకు పోసుకొని ఫ్యాన్ కింద కూర్చుని, “ఈ జుట్టు తీసేసి బాయ్ కటింగ్ చేయించుకుంటా” అని నోరు జారిన రోజు తెలిసింది, నా తల కూడా తగాదాలో ఉన్న సర్వే నంబరేనని. పట్టాదారును నేనే. అనుభవదారుల్లో మా అత్తమ్మ, మా అవ్వ, ఇద్దరు ఆడబిడ్డలు, నకిరేకల్ చిన్నమ్మ, ఎదురింటి టీచరమ్మ ఉన్నారు. మా ఆయన పేరు ఆఖరున ఉంది. ఆయన సంతకం ఒక్కటే పెడతాడు, కాగితం చదవడు.

కేసు పూర్వాపరాలు మనవి చేస్తాను. నా జడ నడుము దాటి నాలుగు వేళ్లు. మాది బోరు నీళ్ల వాడ. ఆ నీళ్లకు రెండు షాంపూ ప్యాకెట్లు చింపినా నురగ రాదు, పట్టుకున్న జిగురు పోదు. పొట్ట అడ్డం వచ్చి బకెట్ మీదికి వంగలేను కాబట్టి ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుంటే అత్తమ్మ చెంబుతో పోస్తుంది. సగం నీళ్లు తల మీద, సగం చెవుల్లో. ఆ తర్వాత ఆరబెట్టడం అనే రెండో ఘట్టం. వెనక్కి వాలితే ఆయాసం, ముందుకు వంగితే పొట్ట, పక్కకు పడుకుంటే దిండు తడి. 44 డిగ్రీల ఎండలో దండెం మీద జీన్స్ ప్యాంటు అరగంటలో ఆరిపోతుంది. నా మెడ మీది తడి మాత్రం సాయంత్రం ఐదింటికి కూడా అక్కడే ఉంటుంది. అది బోరు తడో చెమట తడో తేల్చాలంటే ల్యాబ్‌కు పంపాలి.

ఈ పరిస్థితుల్లో బాయ్ కటింగ్ అన్నాను. అత్తమ్మ చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

“ఏందమ్మా, కడుపుతోని ఉండి గవేం మాటలు? కత్తెర తగిలితే బిడ్డ ఆయుష్షుకు కోత.”

సాయంత్రానికి కోరం నిండింది. చిన్నమ్మ నకిరేకల్ నుంచి ఫోన్లో, వీడియోతో హాజరైంది. ఆమె వాదన ప్రకారం తల్లి జుట్టు తీస్తే బిడ్డ బోడితలతో పుడుతుంది. వాళ్ల వాడలో ఒకామె కోడలికి అట్లాగే అయిందట. ఆ పిల్లకు ఇప్పుడు ఎన్నేళ్లని అడిగాను. తొమ్మిది. జుట్టు వచ్చిందా అంటే, “వచ్చింది కానీ సన్నగ ఉంటది” అంది. తొమ్మిదేళ్లుగా ఆ పిల్ల జుట్టు మందాన్ని ఒక వాడ మొత్తం కొలుస్తూ ఉందన్నమాట. మన దగ్గర రికార్డుల నిర్వహణ బాగాలేదని ఎవరంటారో గాని, సరిగ్గా వెతకరు.

నా వాదన చిన్నది. తల బయట కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు, అది ఎండిన కెరటిన్. ప్రాణమున్నది చర్మం లోపలి కుదురుకే. కత్తెర పడిన కబురు కుదురుకే చేరదు, గర్భసంచి దాకా ఎవరు మోసుకుపోతారు? రంగులు, జుట్టు సాపు చేసే కెరటిన్ ట్రీట్‌మెంట్‌లు అంటే వేరే సంగతి. వాటిలో కొన్నింటి నుంచి ఫార్మల్డిహైడ్ ఆవిరి వస్తుంది కాబట్టి కడుపుతో ఉన్నప్పుడు దూరంగా ఉండమంటారు. ఒట్టి కత్తెరకు ఆ బాధ కూడా లేదు. ఇదంతా చెప్తే టీచరమ్మ ఒక్క ప్రశ్న వేసింది: “ప్రాణం లేకుంటే రోజూ నూనె ఎందుకు పెడుతున్నవమ్మా?” సభ నవ్వింది. ఆ పూట నేను ఓడిపోయాను.

పెద్దవాళ్లను మరీ తీసిపారేయకూడదు. ఒక విషయంలో సైన్సే వాళ్ల ముందు చేతులు కట్టుకోవాల్సి వచ్చింది. గుండెల్లో మంట ఎక్కువగా ఉంటే బిడ్డకు జుట్టు ఎక్కువ అంటారు కదా, ఆ మాటను తేల్చుదామని అమెరికాలో బాల్టిమోర్ పరిశోధకులు 64 మంది గర్భిణులను గమనించారు. ఒట్టి పుక్కిటి పురాణమని నిరూపిద్దామనే దిగారు. 2006లో అచ్చు వేసేసరికి ఫలితం ముసలమ్మల వైపే మొగ్గింది. మంట బాగా ఉన్న తల్లుల్లో ఎక్కువమందికి జుట్టున్న పిల్లలే పుట్టారు. రెండింటికీ కారణం హార్మోన్లే అయ్యుండొచ్చని వాళ్ల ఊహ. ఈ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. ప్రతిపక్షం చేతికి పత్రాలు ఇచ్చేంత పిచ్చిదాన్ని కాదు.

రెండో రోజు చర్చ శాస్త్రాల మీదికి మళ్లింది. ఆడబిడ్డ పాయింటు గట్టిదే. “వదినె, శ్రీమంతానికి పూల జడ ఎట్ల వేస్తరు?” మనం శ్రీమంతం అని పిలుచుకునేది అసలు సీమంతం. సీమంతమంటే పాపిట. పూర్వం భర్త మేడికాయల గుత్తి, ఏదుపంది ముల్లు పట్టుకొని భార్య పాపిట తీసేవాడు, అదే ఆ తంతు. అంటే ఈ సంస్కారం మొత్తం నిలబడింది జుట్టు మీదనే అని ఆడబిడ్డ తీర్పు. పాపిటకు అంగుళం జుట్టు చాలు కదా అన్నాను. “ఫొటోలకు చాలదు” అంది. అక్కడికి విషయం తేటపడింది. ఏదుపంది ముల్లు ఎప్పుడో పోయింది, దాని స్థానంలో డ్రోన్ వచ్చింది. సవరం కట్టి పూలు చుడితే సరిపోతుందని మా అవ్వ మధ్యేమార్గం చెప్పింది గాని, “సవరం కట్టుకున్న సంగతి అందరికీ తెలుస్తది” అని అది వీగిపోయింది. ఇప్పుడు నా జడలో ఉన్న కుప్పెలు నా సొంతమని ఎవరూ అనుకోవడం లేదన్నది వేరే మాట.

శాస్త్రమనే మాట వచ్చింది కాబట్టి నేనూ పుస్తకం తిప్పాను. కడుపుతో ఉన్న ఆడదాని జుట్టు గురించి వెతుకుతుంటే నాకు దొరికింది ఆమె భర్త జుట్టు. ధర్మశాస్త్రాలు క్షౌరం వద్దన్నది గర్భిణీపతికి! భార్య కడుపుతో ఉంటే అతను జుట్టు తీయించుకోకూడదు, శవం మోయకూడదు. మా ఆయన గత ఏడు నెలల్లో క్లాక్ టవర్ దగ్గర సెలూన్లో, పక్కలకు మిషన్ పెట్టి పైన కోడిజుట్టు నిలబెట్టే కటింగ్ తొమ్మిది సార్లు చేయించాడు. తొమ్మిది సార్లలో ఒక్కసారి కూడా వసారాలో సభ జరగలేదు. ఈ సంగతి సభ దృష్టికి తెస్తే అత్తమ్మ, “వాడు ఆఫీసుకు పోతడు కదా బిడ్డా” అంది. నేనూ ఆఫీసుకు పోతున్నానని గుర్తు చేయడం బాగుండదని ఊరుకున్నాను. గర్భిణి భర్త కొబ్బరికాయ కొట్టొద్దన్న నియమాన్ని మాత్రం మా ఆయన తుచ తప్పకుండా పాటిస్తున్నాడు. చేయకుండా ఉండటంతో పూర్తయ్యే నియమాలంటే ఆయనకు మొదటి నుంచీ గౌరవం.

ఇక దేవుడు. మా ఇలవేల్పు చెర్వుగట్టు స్వామి. పేరే జడల రామలింగేశ్వరుడు. జడలున్న దేవుడి ఇంటి కోడలు జడ తీయించుకుంటే ఆయనకెంత తలవంపు అని చిన్నమ్మ కంట తడి పెట్టింది. ఇదే చిన్నమ్మ ఏటా తిరుమల వెళ్లి మూడు కత్తెర్లు ఇస్తుంది, ఒకసారి మొక్కుకొని నున్నగా గుండే కొట్టించుకుంది. గుండుతో దిగిన ఫొటో వాళ్ల ఇంట్లో టీవీ మీద ఉంటుంది. చివరికి అత్తమ్మ పెద్దమనసుతో రాజీ ప్రతిపాదించింది: “అంత బరువైతే మొక్కుకో. కాన్పు మంచిగైనంక తలనీలాలు ఇద్దువుగాని.” దేవుడికిస్తే గుండు, నాకోసమైతే గండం. బాయ్ కటింగ్ అడిగినదానికి గుండు మంజూరు చేశారు. ప్రభుత్వాల్లో కూడా ఇంత ఉదారత చూడం.

ఈ గలాటా మధ్యలో ఆశా వర్కర్ వచ్చింది. చెప్పులు విప్పి, సంచిలోంచి రిజిస్టర్ తీసి, నా తల్లీబిడ్డ కార్డు అడిగింది. కార్డులో బరువుకు గడి ఉంది, బీపీకి ఉంది, హిమోగ్లోబిన్‌కు ఉంది. జడ పొడవుకు గడి లేకపోవడం ఆరోగ్య శాఖ లోపమనే చెప్పాలి. “హిమోగ్లోబిన్ ఎంతుందక్కా?” అని అడిగింది. సభ మొత్తం నిశ్శబ్దం. నా జడ నడుము దాటి నాలుగు వేళ్లని, పెళ్లినాటికి ఆరు వేళ్లు ఉండేదని, తొలి నెలల వాంతుల్లో సన్నబడిందని సభ్యులందరికీ నోటికి వచ్చు. నా ఒంట్లో రక్తమెంతో ఎవరికీ తెలియదు. తొమ్మిదిన్నర అన్నాను. కనీసం 11 ఉండాలి. ఆమె ఫ్రిజ్ మీది డబ్బా తెరిచి ఎర్ర మాత్రలు లెక్కపెట్టింది. 180 రోజులు రోజుకొకటి వేసుకోవాల్సినవి. ఆమె లెక్క మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే చాలా ఉన్నాయి. వేసుకుంటే మలబద్ధకం అని మానేశాను, అది నా తప్పే. ఎవరైనా ఒక్కసారి “మాత్ర వేసుకున్నవా” అని అడిగి ఉంటే అబద్ధమైనా చెప్పేదాన్ని.

ఆమె వెళ్లగానే సభ ఎజెండాలోని పాత అంశానికి తిరిగి వచ్చింది.

అంతవరకు నోరు విప్పనిది మా ఆయన నాయినమ్మ ఒక్కతే. ఎనభై దాటాయి. నులక మంచం మీద కూర్చుని చిక్కుదువ్వెనకు చుట్టుకున్న తన నాలుగు తెల్ల వెంట్రుకలను ఉండ చేస్తోంది. ఆ ఉండలన్నీ తలుపు పక్క గోడ సందులో దాస్తుంది, గిన్నెల బండాయన వచ్చేదాకా. ఆమె తలెత్తకుండానే అంది, “ఇప్పుడు కత్తిరించకున్నా, పిల్ల నవ్వు నేర్చేయాళ్లకు అవే రాలుతయ్.”

ఆ మాట మీద నేను గంటసేపు ఆలోచించాను. డాక్టర్లు చెప్పేదీ అదే. మామూలుగా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలాలి. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ వాటిని రాలనివ్వదు, అందుకే ఇప్పుడు నా జడ లావెక్కినట్టుంది. కాన్పయ్యాక రెండు నుంచి నాలుగు నెలలకు, ఆగినవన్నీ బకాయిలతో సహా రాలతాయి. సరిగ్గా పిల్ల బోసినవ్వులు నవ్వే వేళకు. అప్పుడు ఆ పొడుగు వెంట్రుక ఒక్కటి పసిదాని కాలి వేలికి చుట్టుకుని బిగిస్తే వేలు వాచి నల్లబడే ప్రమాదం కూడా ఉంది. పిల్ల ఊరికే గుక్కపట్టి ఏడుస్తుంటే ముందు కాలి వేళ్లు చూడమంటారు అందుకే. ఇంకో వైపు, పొట్టి జుట్టుకు నెలకోసారి పార్లర్ ఖర్చు ఉంది. వద్దనుకుంటే నెలకు సెంటీమీటరు, సెంటీమీటరున్నర లెక్కన మళ్లీ పెరిగి, పిల్ల మొదటి పుట్టినరోజుకు మెడ మీద పడుతుంది. పైగా ఇప్పుడు నా మొహం పూరీలా పొంగి ఉంది. బాయ్ కటింగ్‌లో ఎట్లా ఉంటానో ఊహించుకుంటే నాకే నవ్వొచ్చింది. అయినా మెడ వెనక తడి ఆరలేదు.

మూడో రోజు ఆటో ఎక్కి పార్లర్‌కు పోయాను. ఆ అమ్మాయి నా జడ విప్పి, అద్దంలో నా పొట్ట చూసి, కత్తెర పక్కన పెట్టేసింది. “అక్కా, ఇంట్ల అడిగినవా? ఒకసారి అన్నతోని ఫోన్ చేయించరాదే. రేపు మా మీదికొస్తది.”

నా తలకు సంతకం పెట్టే అధికారం నాకు లేదని నాకు తెలుసు గాని, పార్లర్ దాకా సర్క్యులర్ వచ్చిందని తెలియదు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి స్పీకర్ పెట్టాను.

“ఆ, చెప్పు. కటింగ్ కుర్చీల ఉన్న, మెడ తిప్పరాదు. పది నిమిషాల్ల చేస్త.”

వెనక మిషన్ గుయ్యిమని చప్పుడు. అమ్మాయి పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకొని, కత్తెర తీసి, “ఎంత దాకా అక్కా?” అంది.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ వసారాలో లేదు, వంటింట్లో గిన్నెల చప్పుడు మామూలు కంటే ఎక్కువగా ఉంది. నాయినమ్మ ఒక్కతే మంచం మీద ఉంది. కవర్లోంచి జడ తీసి ఆమె చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, మేకపిల్లను తూచినట్టు పైకీ కిందికీ ఊపి చూసింది.

“గోడల పెట్టకే, పట్టది. బండాయన వస్తే నేను బేరం చేస్త. చిన్న గిన్నె ఇస్తానంటే ఒప్పుకోను. బగోన ఇయ్యాలె, మూతతోని.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. “ఎంత పెద్ద బగోన వస్తది అత్తా?” అని అత్తమ్మ గొంతు వినిపించింది.