మన దగ్గర ఏముందని?

బెంగళూరులో మన తెలుగువాళ్లు నడిపే చిన్నా పెద్దా కంపెనీలన్నిటికీ ఒకే సైబర్ భద్రతా విధానం ఉంది. అది ఏ ఫైల్లోనూ రాసి ఉండదు. ఏ ఆడిటరూ దాన్ని చూపించమని అడగడు. అమలుకు పైసా ఖర్చు లేదు. పీణ్యలో అట్టపెట్టెలు చేసే కంపెనీకి వెళ్లండి, మారతహళ్లిలో నాలుగు పీజీలు నడిపే ఆఫీసుకి వెళ్లండి, బొమ్మసంద్రలో లారీలు తిప్పే ఓనరుగారి దగ్గర కూర్చోండి. "ఇంటర్నెట్ ఫోన్లు పెట్టించారు కదా, వాటికి సెక్యూరిటీ ఏం చూసుకున్నారండీ?" అని అడగండి. ఆయన మిమ్మల్ని జాలిగా చూసి, కాఫీ తెప్పించి, ఆ విధానాన్ని పూర్తి పాఠంతో సహా వినిపిస్తారు: "మన దగ్గర ఏముందని?"

ఇంతమంది పెద్దలు నమ్మిన సిద్ధాంతాన్ని నవ్వి కొట్టిపారేయడం మర్యాద కాదు. తగిన గౌరవంతో పరిశీలిద్దాం.

ముందు ఒక అపోహ తొలగించాలి. మన ఓనర్లకు భద్రత పట్టదనడం శుద్ధ అబద్ధం. షటర్‌కి రెండు తాళాలుంటాయి. గుమ్మానికి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ శనివారం శనివారం మారుతుంటాయి. మెట్ల దగ్గరొక కెమెరా, క్యాష్ దగ్గరొక కెమెరా, ప్యాంట్రీలో కాఫీపొడి డబ్బా మీద ఒక కెమెరా. ఉదయం తొమ్మిదిన్నర దాటి అయిదు నిమిషాలకు వేలు పెడితే అరపూట జీతం కోసేసే బయోమెట్రిక్ మెషిన్. ఇన్ని కళ్లు కప్పి ఎవడూ ఆ మెట్లెక్కి రాలేడు. వచ్చేవాడికి మెట్లతో పనిలేదన్నది ఒక్కటే చిక్కు.

వెనకటికి ఆఫీసులో గోడకి ఇంటర్‌కం పెట్టె ఉండేది, దాన్లోంచి వైర్లు బల్లబల్లకీ పోయేవి. ఇప్పుడు ఆ పెట్టె ఒక కంప్యూటర్. చాలాచోట్ల అందులో నడిచేది 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికా కుర్రాడు రాసి ఊరికే పంచిపెట్టిన ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేరో, దాని మీద కట్టిన మరొకటో. కాల్స్ ఇంటర్నెట్ మీదే వస్తాయి, పోతాయి. బెంగళూరు హెడ్డాఫీసు, విజయవాడ బ్రాంచి ఒకే ఎక్స్‌ఛేంజి మీద ఉంటాయి. చాలా చవక, చాలా బాగుంటుంది కూడా. కాకపోతే మన ఓనరుగారి కంటికి అది ఇప్పటికీ ఫోనే. ఫోనుకి వైరస్ ఏమిటి, ఫోనుకి పాస్‌వర్డ్ ఏమిటి?

అది పెట్టిన రోజున జరిగిన సంభాషణ ఏ ఆఫీసులోనైనా దాదాపు ఇలాగే ఉంటుంది.

"ఏం బాబూ, నేను తిరుమల వెళ్లినా సరే, ఆఫీసు నంబరు నా సెల్లులో మోగాలి."

"మోగుద్ది సార్. ముందు వీపీఎన్ ఆన్ చేసుకుని, తర్వాత యాప్ తెరిస్తే..."

"మళ్లీ అదొకటా? డైరెక్టుగా మోగేట్టు చెయ్యవయ్యా."

ఆ కుర్రాడు డైరెక్టుగా మోగేట్టు చేశాడు. అంటే వీపీఎన్ అనే రహస్య దారిని పక్కనపెట్టి, ఆ పెట్టెను, అదే ఫోన్ సర్వర్‌ని తీసుకెళ్లి ఇంటర్నెట్ నడిబజార్లో నిలబెట్టి, 5060 అనే పోర్టు ప్రపంచం మొత్తానికి బార్లా తెరిచాడు. ఫోన్ కాల్స్ కలిపే సిప్ అనే పద్ధతికి ఆనవాయితీగా వచ్చిన తలుపు నంబరది. ఆఫీసులో ఒక్కో ఫోనుకి ఒక లోపలి నంబరుంటుంది, అదే ఎక్స్‌టెన్షన్. ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డ్ 101, 102కి 102 పెట్టాడు, గుర్తుంటుందని. ఎండీగారిది మాత్రం గట్టిగా ఉండాలని 1234 పెట్టాడు. ఐఎస్‌డీ అన్ని ఫోన్లకీ ఇచ్చాడు. దుబాయ్ క్లయింటుకి ఎవరు ఎప్పుడు చెయ్యాల్సొస్తుందో తెలీదు కదా, వాచ్‌మన్ గదిలో ఫోన్‌తో సహా. అడ్మిన్ పాస్‌వర్డ్‌ని చీటీ మీద రాసి పెట్టె కింద అంటించాడు. ఆ తర్వాత టొరంటో వెళ్లిపోయాడు. వాట్సాప్‌లో ఇప్పటికీ పండగ శుభాకాంక్షలు పంపుతుంటాడు, మంచి కుర్రాడు.

అలా తెరిచిన తలుపు దగ్గరికి తొలి అతిథి రావడానికి రోజులు పట్టదు. ఒక్కోసారి గంటలు కూడా పట్టదు. ఇంటర్నెట్‌లో ఉన్న అడ్రసులన్నీ వరసబెట్టి తడుతూ పోయే ప్రోగ్రాములు ఉన్నాయి, వాటికి పేరూ ఊరూ అక్కర్లేదు. ఎప్పుడైనా సర్వర్ లాగ్, అంటే వచ్చిపోయినవాళ్ల చిట్టా, తెరిచి చూస్తే వరసలు వరసలుగా కనిపిస్తుంది: 100, పాస్‌వర్డ్ తప్పు. 101, పాస్‌వర్డ్ తప్పు. 102, పాస్‌వర్డ్ తప్పు. సెకనుకు పదులకొద్దీ. వచ్చినవాడు తన పేరు కూడా చెప్పుకుంటాడు, 'ఫ్రెండ్లీ స్కానర్' అని. నేను కల్పించి చెప్పడం లేదు. ఫోన్ సర్వర్ల భద్రతని పరీక్షించుకోవడానికి సిప్‌విషియస్ అనే సాధనం ఒకటుంది, అది పంపే సందేశాల్లో ఉండే పేరది. మంచికి చేసినదాన్ని దొంగలు కూడా వాడుకున్నారు, పేరు మార్చే ఓపిక కూడా లేకుండా. ఇంత మర్యాదగా పరిచయం చేసుకున్నవాణ్ని అనుమానించడం మన సంస్కారం కాదు.

మన సర్వర్ కూడా ఏం తక్కువ తినలేదు. పాత సెట్టింగులతో వదిలేసిన సర్వర్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. "103లో ఎవరూ లేరు సార్. 104లో మేడమ్ ఉన్నారు కానీ మీరు చెప్పిన గుర్తు తప్పు సార్, ఇంకోటి చెప్పండి" అని వచ్చినవాడికి వివరంగా చెప్పి పంపిస్తుంది. లేని ఎక్స్‌టెన్షన్‌కి ఒక జవాబు, ఉన్న ఎక్స్‌టెన్షన్‌కి ఇంకో జవాబు. అరగంటలో ఆఫీసు మొత్తం జాబితా వాడి చేతిలో ఉంటుంది. రెంటికీ ఒకటే జవాబిచ్చేట్టు చేసే సెట్టింగ్ ఒక్క లైను. ఆ ఒక్క లైనుకి టొరంటో నుంచి కుర్రాడు రావాలి.

ఇది కొత్త విద్యేమీ కాదు. 2006లో అమెరికాలో ఎడ్విన్ పెనా, రాబర్ట్ మూర్ అనే ఇద్దరు పట్టుబడ్డారు. ఇతరుల ఇంటర్నెట్ ఫోన్ నెట్‌వర్కుల్లో దూరి, కోటి నిమిషాలకు పైగా కాల్స్ దొంగిలించి అమ్ముకున్నారు. తలుపులు తట్టి చూసే పని మూర్‌ది. అంత పని ఎలా చేయగలిగావయ్యా అంటే, చాలా కంపెనీలు పెట్టె కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డే మార్చలేదని జైలుకెళ్లే ముందు విలేకరులకు చెప్పాడు. ఇరవై ఏళ్లవుతోంది. మనం మాట మీద నిలబడ్డాం.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. మన దగ్గర ఏముందని?

ఏమీ లేదు. ఓనరుగారు చెప్పింది అక్షరాలా నిజం. పాతకాలం దొంగ ఉన్నది పట్టుకుపోయేవాడు కనుక ఏమీ లేనివాడికి నిద్ర పట్టేది. ఈ దొంగకి మన దగ్గర ఉన్నదానితో పనిలేదు, మన పేరు మీద ఎంత అప్పు పుడుతుందన్నదే లెక్క. కొన్ని దేశాల్లో కొన్ని నంబర్లుంటాయి, వాటికి కాల్ వస్తే నిమిషానికి ఇంతని గట్టిగా వసూలవుతుంది, అందులో కొంత వాటా ఆ నంబరు అద్దెకు తీసుకున్నవాడికి వెళ్తుంది. దొంగ అలాంటి నంబర్లు ముందే తీసుకుని ఉంచుకుంటాడు. మన ఎక్స్‌టెన్షన్ 104 దొరకగానే అందులోంచి తన నంబరుకి తనే ఫోన్ చేసుకుంటాడు. ఒక్కటి కాదు, లైన్లు ఎన్నుంటే అన్ని, ఒకేసారి, రాత్రంతా. అవతల ఎత్తి మాట్లాడే మనిషి కూడా ఉండడు. టెలిఫోన్ చరిత్రలో ఇంత శాంతియుతమైన సంభాషణ ఇంకొకటి లేదు.

2014 మార్చిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఏడుగురు పనిచేసే ఒక ఆర్కిటెక్టుల ఆఫీసు నుంచి ఇలాగే శనాదివారాల్లో కాల్స్ వెళ్లాయి. గాంబియాకి, సోమాలియాకి, మాల్దీవులకి. బిల్లు 1,66,000 డాలర్లు. వాళ్ల మామూలు వాడకం ప్రకారం అంత బిల్లు రావాలంటే 34 ఏళ్లు పడుతుందట. వాళ్లూ అనుకునే ఉంటారు, ఇళ్ల ప్లాన్లు తప్ప మన దగ్గర ఏమున్నాయని.

శనాదివారాలే ఎందుకంటే చూసేవాడు ఉండడు కాబట్టి. మన బెంగళూరు తెలుగు కంపెనీల్లో ఆ విషయంలో దొంగకి ఇంకా ఎక్కువ సౌకర్యం ఏర్పాటు చేశాం. భోగికి ముందు రోజు సాయంత్రం మడివాళ దగ్గర నిలబడి చూడండి, ఆఫీసులకు ఆఫీసులే బ్యాగులతో సహా బస్సెక్కుతుంటాయి. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ, దానికి అటో ఇటో ఆదివారం అతుక్కుంటే ఇంక అడగక్కర్లేదు. షటర్‌కి రెండు తాళాలు వేసే వెళ్తాం. వాడు మాత్రం పండగపూట కూడా సెలవు పెట్టడు.

తిరిగొచ్చాక నెలాఖరుకి బిల్లొస్తుంది. ఓనరుగారు మొదట అది తప్పుడు బిల్లనుకుంటారు, రెండోసారి కళ్లజోడు పెట్టుకుని చూస్తారు, మూడోసారి ఆపరేటరుకి ఫోన్ చేస్తారు. అవతలి అమ్మాయి ఎంతో ఓపిగ్గా "కాల్స్ మీ సిస్టమ్ నుంచే వెళ్లాయి సార్" అంటుంది. ఒప్పందం కాగితంలో అదే రాసి ఉంటుంది, మీ సిస్టమ్ నుంచి ఎవరు చేసినా బాధ్యత మీదేనని. ఆ పేజీ మీద మన సంతకం కూడా చక్కగా ఉంటుంది.

బిల్లుతో పోతే అదృష్టమనుకోవాలి. అదే ఎక్స్‌టెన్షన్ నుంచి మన కంపెనీ నంబరు కనిపించేట్టు ఎవరో పెద్దాయనకి ఫోన్ చేసి కేవైసీ అని ఓటీపీ అడిగితే, తర్వాత మన ఆఫీసుకి వచ్చే ఫోన్ పోలీస్ స్టేషన్ నుంచి. ఫోన్ కాల్స్ అక్రమంగా మళ్లించడం ఈ ఊళ్లో కాస్త పెద్ద వ్యాపారమే. 2021 జూన్‌లో ఇక్కడే 960 సిమ్ కార్డులు ఒకేసారి నడిపే 32 సిమ్ బాక్సులతో (విదేశీ కాల్స్‌ని లోకల్ కాల్స్‌లా మార్చే పెట్టెలు) దొంగ ఎక్స్‌ఛేంజి పట్టుబడితే, సైనిక ఇంటెలిజెన్స్ దాకా వెళ్లింది.

ప్రభుత్వానికి మన మీద ఎంత నమ్మకమో చెప్పాలి. కంప్యూటర్లలోకి ఎవరైనా చొరబడితే, తెలిసిన 6 గంటల్లోగా మాకు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. లాగ్‌లు 180 రోజులు దాచాలంది. లాగ్ అంటే ఏమిటో తెలియాలంటేనే మన ఆఫీసులో 180 రోజులు పట్టేట్టుంది. తెలిసిన దగ్గర్నుంచి అన్నారు కనుక బతికిపోయాం. మనకి తెలిసేది నెలాఖరున కదా.

మందులు లేవా అంటే ఉన్నాయి. దాదాపు అన్నీ ఊరికే వచ్చేవే, అందుకే ఎవరికీ నమ్మకం కలగదు. ఆపరేటరుకి ఒక్క మెయిల్ పెట్టి, మాకు ఐఎస్‌డీ ఫలానా రెండు దేశాలకే చాలు, రోజుకి ఇంత దాటితే కట్ చేసేయండి అని రాయించుకుంటే సగం పీడ వదులుతుంది. రాత్రి ఎనిమిది తర్వాత బయటి దేశాలకు కాల్ పోకుండా సర్వర్లోనే పెట్టుకోవచ్చు. "అమెరికా వాడికి పగలు అప్పుడే కదయ్యా?" అంటారు. మరి అమెరికాతో మాట్లాడే ఒక్క ఫోనుకే ఇద్దాం సార్ అంటే, మిగతావాళ్లు ఫీలవుతారు. ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి పొడుగాటి పాస్‌వర్డ్ కంప్యూటరే తయారుచేసి పెడుతుంది, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఫోన్లో ఒక్కసారి ఎక్కిస్తే చాలు. తప్పు పాస్‌వర్డ్ అయిదుసార్లు కొట్టినవాడిని తలుపు దగ్గరే ఆపేసే ఫెయిల్‌టుబ్యాన్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. ఒకాయన ఆఫీసులో దాన్ని పెట్టారు కూడా. మొదటి రోజే ఓనరుగారు తప్పు కొట్టి, ఆగిపోయి, "నా ఆఫీసులోకి నన్నే రానివ్వదా?" అని మండిపడి, తీయించేశారు. ఆ ప్రోగ్రాము ఆ ఆఫీసులో పట్టుకున్న దొంగ ఆయనొక్కరే.

అప్‌డేట్ల సంగతి ఎత్తనే కూడదు. నడుస్తున్నదాన్ని కెలక్కూడదన్నది మన రెండో సిద్ధాంతం. ఆస్టరిస్క్ మీద కట్టిన ఫ్రీపీబీఎక్స్‌లో 2019లో ఒక లొసుగు బయటపడింది, సరిచేసిన వెర్షన్ వచ్చింది. 2020లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ లెక్క చూస్తే, ఏడాదిలో దాదాపు 1,200 సంస్థలు ఆ లొసుగు మీదే దాడికి గురయ్యాయి. పెట్టెను కెలక్కుండా అతి పవిత్రంగా ఉంచుకున్న వాళ్లూ అందులో ఉండే ఉంటారు.

ఇక బిల్లు కట్టాక మన ఆఫీసుల్లో జరిగే విచారణ. బిల్లులో గాంబియా కనపడగానే ఓనరుగారు అందర్నీ పిలిచి, తలుపులు వేయించి, మెల్లగా అడుగుతారు: "నిజం చెప్పండి, మీలో ఎవరికి గాంబియాలో చుట్టాలున్నారు?" ఎవరూ నోరెత్తరు. గాంబియా ఎక్కడుందో కూడా ఎవరికీ తెలీదు. రెండో లైను చదువుతారు, మాల్దీవులు. అందరూ ఒక్కసారిగా సేల్స్ కుర్రాడి వైపు తిరుగుతారు. పాపం, అతనికి నవంబర్లోనే పెళ్లయింది, హనీమూన్‌కి అక్కడికే వెళ్లొచ్చాడు, సముద్రం మధ్య ఊయల ఫొటో స్టేటస్ పెట్టుకున్నాడు. అకౌంటెంటుగారు ఆ ఫొటో చూపించి మరీ సాక్ష్యం చెబుతారు.

"సార్, ఫోన్లు వెళ్లినప్పుడు నేను రాజమండ్రిలో మా అత్తారింట్లో ఉన్నాను సార్."

"ఉండి ఉంటావయ్యా. ఫోన్ ఇక్కడే ఉంది కదా?"

మర్నాడు నోటీసు బోర్డు మీద తెలుగు, కన్నడ, ఇంగ్లీషుల్లో సర్క్యులర్ పడుతుంది. ఆఫీసు ఫోన్లు సొంత పనులకు వాడరాదు, విదేశీ విహారాలకు వెళ్లేవారు ముందుగా హెచ్‌ఆర్‌కి తెలియజేయాలి. సర్వర్ ఉన్న గదికి కొత్త తాళం వేస్తారు, ఎదురుగా ఇంకో కెమెరా పెడతారు. సేల్స్ కుర్రాడు ఫోన్ ఎత్తాలంటే రిజిస్టర్లో సంతకం చేయాలి. ఐఎస్‌డీ మాత్రం అన్ని ఎక్స్‌టెన్షన్లకీ అలాగే ఉంటుంది, దుబాయ్ క్లయింటుతో ఎప్పుడు అవసరం పడుతుందో తెలీదు కదా.