మరుసటి రోజు కూడా సైకిలెక్కాల్సిందే

సైకిల్ రేసు తర్వాత ఒళ్లు కోలుకోవడం గురించిన ఈ వ్యాసంలో, మరుసటి రోజంతా కదలకుండా పడుకోవాలని రాశారు. తిరుపతిలో ఏడేళ్లుగా రేసులకు పోతున్నవాణ్ణి, ఆ మాట ఒప్పుకోలేనండీ. టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ రేసులో 21 స్టేజీల (రోజుకో అంచె) మధ్య వచ్చే విశ్రాంతి రోజుల్లో కూడా రైడర్లు కాసేపు మెల్లగా తొక్కుతారు. నేనూ అంతే. తెల్లారి ఐదున్నరకి బయలుదేరి చంద్రగిరి కోట దాకా తేలిక గేరులో పోయొస్తాను. పక్కనున్నవాడితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా. పోయేటప్పుడు కొయ్యబారిన తొడలు తిరిగొచ్చేసరికి సడలుతాయి.

తిండి గురించి రెండు ముక్కల్లో తేల్చేశారు, అదే బాధనిపించింది. మర్నాడు మళ్లీ రేసుంటే, ఇవాళ్టి రేసు ముగిశాక మొదటి నాలుగు గంటలే కీలకం. ఒంటి బరువులో కిలోకి గంటకు 1 నుంచి 1.2 గ్రాముల పిండిపదార్థం పడాలి. అంటే 60 కిలోల మనిషికి గంటకు 60 నుంచి 72 గ్రాములు. పోయినేడు ఎండల్లో రేసు ముగిశాక జెర్సీ మీద తెల్లగా ఉప్పు చారలు కట్టాయి. ఆకలి లేదని ఉత్త నీళ్లు తాగి పడుకున్నా. మర్నాడు రేసులో మొదటి ఎత్తు ఎక్కేటప్పుడే కాళ్లు చచ్చుబడ్డాయి, కళ్లనీళ్లొచ్చాయి. ఇప్పుడు దిగంగానే ఉప్పేసిన మజ్జిగ, రెండు అరటిపళ్లు, ఇంటికొచ్చాక సంగటి, పప్పు, గుడ్లు.

ఐసు స్నానాలు, మసాజులు సరే. రాత్రి ఎనిమిది గంటల నిద్ర లేకుంటే అవేవీ అక్కరకు రావు. మా ఊరి పిల్లలు ఇది చదివి మంచమెక్కేస్తారు, దయచేసి ఆ మొదటి సలహా మార్చండి.