ఈ పరికరం సక్రమంగా పనిచేస్తోంది

ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ అయ్యాక ల్యాప్‌టాప్‌లోని కార్డు పనిచేయకపోతే తప్పు అప్‌గ్రేడ్‌ది కాదు. కార్డుదీ కాదు. అది నిన్నటిదాకా పనిచేసిందని గుర్తుపెట్టుకున్నారు చూడండి, తప్పంతా మీదే. ఆ జ్ఞాపకశక్తే లేకపోతే ఫిర్యాదు ఎక్కడి నుంచి వస్తుంది?

మా బీరువాలో 2004 నాటి పెళ్లి క్యాసెట్లు నాలుగున్నాయి. మినీ డీవీ రకం, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి. వాటిలో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే కెమెరాకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఫైర్‌వైర్ కేబుల్ వేయాలి. ల్యాప్‌టాప్‌కు ఆ సదుపాయం లేకపోతే పక్కనున్న స్లాట్‌లో ఒక కార్డు దోపాలి. ఆ స్లాట్‌ను పీసీఎంసీఐఏ అనేవారు. 1989లో పుట్టిన ఒక సంఘం పేరు అది. ‘కంప్యూటర్ పరిశ్రమ పెట్టే పొడి అక్షరాలు జనానికి గుర్తుండవు’ అనే అర్థం వచ్చేలా ఇంగ్లిషువాళ్లు ఆ అక్షరాలకు వేరే విస్తరణ కట్టి నవ్వుకునేవారు. చివరికి దాన్ని పీసీ కార్డు అన్నారు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పొడవూ వెడల్పూ ఏటీఎం కార్డంత, మందం 5 మిల్లీమీటర్లు, ఒక అంచున 68 రంధ్రాలు. ఇన్ని రంధ్రాలున్న వస్తువును నమ్ముకున్నవాడికి జాలి చూపడం అనవసరం.

అప్‌గ్రేడ్ రాత్రి జరిగింది. మాది ఏ సిస్టమో చెప్పను, ఇంటింటికీ మట్టిపొయ్యే. తెల్లారి కార్డు దోపాను, క్యాసెట్ పెట్టాను, కెమెరా ఆన్ చేశాను. కెమెరా ఏదీ దొరకలేదని తెర చెప్పింది. పరికరాల జాబితా తెరిచి చూస్తే మాత్రం కార్డు పేరు ఎదుట ఒక ప్రశాంతమైన వాక్యం: ‘ఈ పరికరం సక్రమంగా పనిచేస్తోంది.’

ఈ వాక్యం రాసినవారికి నా నమస్కారం. పింఛను ఖాతాలో పడలేదని పెద్దాయన అడిగితే, రికార్డు ప్రకారం మీకు పింఛను అందుతూనే ఉంది అని చెప్పగల నిబ్బరం అందరికీ రాదు.

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. చేశాను. కార్డు తీసి మళ్లీ పెట్టమన్నారు. పెట్టాను. కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోమన్నారు. కొత్తవాటిలో ఈ స్లాటే ఉండదు కదండీ అంటే, అలాగైతే ఈ సమస్య కూడా ఉండదు కదండీ అన్నారు. తర్కంలో లోపం వెతికాను, దొరకలేదు.

అయినా నాలో అనుమానపు పురుగు చావలేదు. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని దానితో ల్యాప్‌టాప్‌ను లేపాను. కెమెరా వెంటనే కనిపించింది. అంటే స్లాట్ బాగుంది, కార్డు బాగుంది, కేబుల్ బాగుంది. ఈ పరీక్ష చేయకుండా కార్డును చెత్తబుట్టలో వేసినవారు ఎందరో. వారి కార్డుల ఆత్మశాంతికి ఒక నిమిషం మౌనం పాటించి ముందుకు వెళ్దాం.

ఆ సమయానికి మా మామయ్య వచ్చారు. తహసీల్దారు కార్యాలయంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. కంప్యూటర్ ఎలా ఉంటుందో తెలుసు, అంతకు మించి తెలియదు. విషయమంతా విని, “కొత్త అధికారి వచ్చాడా?” అని అడిగారు.

“అలాంటిదే మామయ్యా. కార్డుతో మాట్లాడే ప్రోగ్రామ్‌ను, అదే డ్రైవర్‌ను, రాత్రి మార్చేశారు.”

“మరి పాత గుమాస్తా ఏమయ్యాడు? వాణ్ణి ఊరికే పంపించరురా అల్లుడూ. మూల సీటులో కూర్చోబెడతారు. వెతుకు.”

నవ్వాను గానీ, చరిత్ర ఆయన పక్షానే ఉంది. 2009లో వచ్చిన విండోస్ 7 ఫైర్‌వైర్ పనికి కొత్త డ్రైవర్‌ను నియమించి, పాతదాన్ని ‘లెగసీ’, అంటే పాతకాలపుది, అనే తోక తగిలించి జాబితాలో అట్టే పెట్టింది. విండోస్ 8 ఆ మూల సీటు కూడా తీసేసింది. కావలసినవాళ్లు పాత డ్రైవర్‌ను విడిగా డౌన్‌లోడ్ చేసుకోవలసి వచ్చింది. ఆపిల్ సంగతి ఇంకా గొప్పది. ఫైర్‌వైర్‌ను కని పెంచింది ఆ ఇల్లే, 2025లో మ్యాక్ ఓఎస్ తాహో అనే సిస్టమ్‌తో తలుపు వేసింది కూడా ఆ ఇల్లే. లైనక్స్‌లో దాని బాగోగులు చూసేవారు మాత్రం 2029 దాకా చూస్తామని ముందే చెప్పి ఉంచారు. పదవీ విరమణ తేదీ చేతిలో పెట్టి మరీ పని చేయించుకోవడం మర్యాదస్తుల లక్షణం.

డ్రైవర్‌ను నేనే ఎంచుకుంటానని సిస్టమ్‌కు నచ్చజెప్పడానికి నాలుగు కిటికీలు దాటాలి. ప్రతి కిటికీ దగ్గరా అది ఒకటే మాట: ‘మీకు సరిపోయే ఉత్తమమైన డ్రైవర్ ఇప్పటికే ఉంది.’ పెళ్లిచూపుల్లో మధ్యవర్తి కూడా ఇంత పట్టుబట్టడు. చివరి కిటికీలో రెండు పేర్లు కనిపించాయి. పైన కొత్తది. కింద మూల సీటులో, మామయ్య చెప్పినట్లే, పాతది. దాన్ని నొక్కాను. కెమెరా కిర్రుమంది.

మినీ డీవీ క్యాసెట్‌కు తొందరపాటు తెలియదు. గంట క్యాసెట్ ఎక్కడానికి గంట పడుతుంది, డిస్కులో సుమారు 13 జీబీ తింటుంది. మామయ్య కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. తెర మీద నల్లటి జుట్టుతో ఆయనే, పందిట్లో వంటవాళ్ల మీద కేకలేస్తూ తిరుగుతున్నారు. జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి కుడివైపు మూలన చిన్న పెట్టె ఒకటి పైకి లేచింది. మరో ముఖ్యమైన అప్‌గ్రేడ్ సిద్ధంగా ఉందట. ఇప్పుడా, తర్వాతా అని అడుగుతోంది.

నా చెయ్యి వణికింది. మామయ్య తెర మీంచి కళ్లు తిప్పకుండానే అన్నారు:

“‘తర్వాత’ నొక్కరా. నేను ముప్పై ఏళ్లూ అదే నొక్కాను.”