ఉరికంబం ముందు "నా వల్ల కాదు"

జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1788లో వెలువరించిన ఒక గ్రంథంలో చిన్న ఉదాహరణ ఉంది. రాజు ఒకడిని పిలిపించి, ఒక నిజాయితీపరుడి మీద అబద్ధపు సాక్ష్యం చెప్పమంటాడు. కాదంటే వెంటనే ఉరి. తాను ఏం చేస్తాడో అతను గట్టిగా చెప్పలేడు. కానీ కాదనడం సాధ్యమేనని మాత్రం ఒప్పుకుంటాడు. ఆ "సాధ్యమే" అన్న మాటలోనే కాంట్‌కు మనిషి స్వేచ్ఛ కనిపించింది. ఆ మాట అంత బరువు మోస్తుందా? రిటైరైన ఒక తత్త్వశాస్త్రం మాస్టారికీ, ఆయన దగ్గర చదువుకుని లాయరైన శిష్యురాలికీ వాదన పెట్టాను. ఇద్దరూ నా కల్పనే. చోటు మాస్టారి వసారా.

లాయరు: నిన్నటిదాకా గట్టిగా నిలబడిన మా సాక్షి ఒకడు, బోనెక్కగానే "నాకేమీ తెలియదండీ" అన్నాడు మాస్టారూ. కండువా అంచును వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. ముద్దాయి వైపు తల తిప్పలేదు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. బెదిరించినవాళ్ళు వాళ్ళ పేర్లు పలికి మరీ బెదిరించారు. అలాంటివాడితో "నువ్వు స్వేచ్ఛ ఉన్న మనిషివి" అనడానికి నాకు నోరు రాదు.

మాస్టారు: తర్వాత కనిపించాడా?

లాయరు: వారం తిరక్కుండానే వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. కేసు కొట్టేశారు, నాతో అతనికి పనేమీ లేదు.

మాస్టారు: వరదకు పొరుగువాడి గోడ కూలితే అలా వచ్చి కూర్చునేవాడా? జాలిపడి ఊరుకునేవాడు. కాంట్ చెప్పింది అదే. స్వేచ్ఛ ఉందని రుజువు చేసుకున్నాక ధర్మం దగ్గరికి రాము. "ఇది చేయాలి" అని లోపల వినబడింది కనుక "చేయగలను" అని తెలుస్తుంది.

లాయరు: వినబడినంత మాత్రాన నిజమైపోతుందా? విసిరిన రాయికి తెలివి వస్తే, తన ఇష్టంతోనే ఎగురుతున్నానని అనుకుంటుందని 1674లోనే డచ్ తత్త్వవేత్త స్పినోజా ఒక ఉత్తరంలో రాశాడు. 1983లో బెంజమిన్ లిబెట్ అనే మెదడు శాస్త్రవేత్త కొలిచి మరీ చూపించాడు. మణికట్టు కదపాలన్న కోరిక మనిషికి తెలిసేది కదలికకు సుమారు 0.2 సెకన్ల ముందు. మెదడులో సన్నాహం దానికి ఇంకా ముందే మొదలైంది.

మాస్టారు: మణికట్టు ఇప్పుడు కదపాలా, ఇంకాసేపు ఆగాలా అన్నది ధర్మసంకటమా అమ్మా? పైగా, చివరి క్షణంలో వద్దనుకుని ఆపే వీలు ఉంటుందని లిబెట్టే అన్నాడు.

(ఇక్కడ నేను మాస్టారి పక్షమే. ఆ ప్రయోగం మీద మోపుతున్న బరువు దాని శక్తికి మించినది.)

లాయరు: సరే, మరోలా అంటాను. మెడ మీద ఎవరూ కత్తి పెట్టకుండా సొంత కోరిక ప్రకారం నడిస్తే అదే స్వేచ్ఛ. కోర్టుకు అది చాలు.

మాస్టారు గోడ గడియారం తలుపు తీసి, తాళంచెవి దూర్చి తిప్పడం మొదలుపెట్టారు. స్ప్రింగు కిరకిరలాడింది.

మాస్టారు: కీ ఇచ్చాక దీన్నీ ఎవరూ తోయరు, తనంతట తానే తిరుగుతుంది. చువ్వకు గుచ్చిన మాంసాన్ని తిప్పే యంత్రానికి ఉండే స్వేచ్ఛ అని కాంట్ నువ్వన్న స్వేచ్ఛను ఎగతాళి చేశాడు. కోరికలు లోపలివే కావచ్చు, వాటికి కీ ఇచ్చిందెవరు?

లాయరు: మీ కాంట్ కంటే మా చట్టానికే దయ ఎక్కువ. భారతీయ న్యాయ సంహితలో 32వ సెక్షన్ ఉంది, పాత శిక్షాస్మృతిలో 94. అక్కడికక్కడే చంపుతామని బెదిరించి చేయించిన పని నేరం కాదు. అబద్ధపు సాక్ష్యమైనా సరే.

మాస్టారు: ఏ పనైనానా?

లాయరు: ...హత్య తప్ప. మరణశిక్ష పడే రాజ్యవ్యతిరేక నేరాలు తప్ప.

మాస్టారు: అంటే తన ప్రాణం పోతున్నా ఇంకొకరిని చంపకుండా ఆగగలడని మీ చట్టమూ ఒప్పుకుంది!

లాయరు: అంత తొందరెందుకు? చంపకుండా ఆగగలిగినవాడు అబద్ధం చెప్పకుండానూ ఆగగలడు. అయినా చట్టం అబద్ధాన్ని వదిలేసి, హత్యను పట్టుకుంది. అది చూసింది శక్తిని కాదు, మామూలు మనిషిని ఎంతవరకు అడగవచ్చునన్నది.

మాస్టారు: ఒప్పుకున్నాను. కానీ అప్పుడు అది క్షమ అవుతుంది. స్పినోజా రాయిని ఎవరైనా క్షమిస్తారా?

లాయరు: క్షమ మాట కాంట్ దగ్గర ఎత్తకండి. హంతకుడు తలుపు తట్టి "నీ స్నేహితుడు లోపలున్నాడా" అని అడిగినా అబద్ధం ఆడకూడదని 1797లో రాశాడు ఆ మహానుభావుడు. పారిపోయినవాళ్ళ జాడ దొంగలకు చెప్పి, సత్యవ్రతం నిలిపి నరకానికి పోయిన కౌశికుడి కథ కర్ణపర్వంలో కృష్ణుడు చెప్పాడు. దాన్ని నాకు పాఠం చెప్పింది మీరే.

మాస్టారు వెంటనే జవాబివ్వలేదు. గడియారం తలుపు మూసి, వేలితో దుమ్ము తుడిచారు.

మాస్టారు: ఆ వ్యాసాన్ని నేను వెనకేసుకురాను. మనిషిని కేవలం పనిముట్టుగా వాడుకోవద్దని 1785లో రాసింది కూడా ఆయనే. ఆ హంతకుడు నా నోటిని పనిముట్టు చేసుకుంటున్నాడు. నేను అబద్ధమే ఆడతాను. కాంట్ ఒప్పుకోడు, తెలుసు. అది సరే, మెట్ల మీద కూర్చున్నవాడితో ఏమన్నావు?

లాయరు: "నీ వల్ల అయ్యే పని కాదులే, ఎవరైనా అంతే చేస్తారు" అన్నాను. ఊరట కలుగుతుందనే అన్నాను మాస్టారూ.

మాస్టారు: కలిగిందా?

లాయరు: తిట్టినట్టు చూశాడు. కండువా దులుపుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.