నవ్వులాటకు నామినేషనా?

ఎన్నికల గాలి తగిలితే చాలు, వేషం కట్టి డప్పులతో నామినేషన్ కేంద్రానికి బయల్దేరే సరదారాయుళ్లు ఎక్కువవుతున్నారు. మెడలో ఉల్లిగడ్డల దండ, చేతిలో సెల్ఫీ కర్ర, చంద్రుడి మీద డబుల్ బెడ్రూం ఇల్లు కట్టిస్తామని హామీ. పొద్దుగూకేసరికి రీల్ ఊరంతా తిరిగేస్తుంది. గ్రేటర్ వరంగల్‌లోని 66 డివిజన్లకూ ఈ జబ్బు పాకేలా ఉంది.

నాయకులను వెక్కిరించే హక్కు లేదా అంటారు. ఉంది. ఉక్రెయిన్‌లో 2019లో హాస్యనటుడు జెలెన్‌స్కీ అధ్యక్షుడు కాలేదా, మన ఆందోల్‌లో బాబూమోహన్ గెలిచి మంత్రి కాలేదా అనీ అంటారు. అయ్యారు. వాళ్లు గెలవడానికే ఓట్లు అడిగారు.

మా భయం వేరు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేస్తే, అందులో 178 మంది రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు ధర అడిగీ అడిగీ విసిగి, తలా పాతిక వేలు ధరావతు కట్టి నిలబడ్డారు. బూత్‌కు పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు పెట్టక తప్పలేదు. సిట్టింగ్ ఎంపీ, నాటి ముఖ్యమంత్రి కూతురు కవిత ఓడిపోయారు. ఆ రైతులు కోరిన పసుపు బోర్డు 2025 జనవరిలో ఆ నిజామాబాద్‌లోనే మొదలైంది. నామినేషన్ కాగితానికి ఉన్న బరువు అది. ఈ వేషగాళ్లు తీసేస్తున్నది ఆ బరువునే.

రేపు ఇంకో రైతు నామినేషన్ వేస్తే జనం ఏమడుగుతారు? 'ఏ యూట్యూబ్ ఛానెల్ తమ్మీ మీది?' అని. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండ కాలనీలు నీట మునిగాయి. నాలాల కబ్జాల మీద కడుపు మండి ఓ సామాన్యుడు కార్పొరేటర్‌గా నిలబడితే అతన్నీ అదే అడుగుతారు. పెద్ద పార్టీలకు ఇంతకంటే ఏం కావాలి? బరిలో నిజంగా గోడు చెప్పుకునేవాణ్ని కూడా నవ్వి తోసేయొచ్చు.

2021లో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానానికి 71 మంది నిలబడితే బ్యాలెట్ పత్రం దినపత్రికంత అయింది. లెక్కింపు రోజుల తరబడి సాగింది, 20 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. వాళ్లు సరదాకు వచ్చినవాళ్లు కారు, అయినా భారం అంత. దాని మీద ఈ వేషాలు కూడానా? ఎవరూ నచ్చకపోతే నొక్కడానికి 2013 నుంచి నోటా మీట ఉండనే ఉంది.

కెమెరాలు పట్టుకుని వీళ్ల వెంట పరుగెత్తే మీడియాకూ ఇందులో వాటా ఉంది. మాకూ ఉంది. ఒప్పుకుంటున్నాం.

వెటకారం గురించి వరంగల్‌కు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. కాళోజీ కంటే పదునుగా పాలకులను ఎత్తిపొడిచినవాళ్లు ఎవరున్నారు? ఎమర్జెన్సీ తర్వాత ఆయన సత్తుపల్లి వెళ్లి సాక్షాత్తు నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదే పోటీ చేశారు, ఓడిపోయారు. ఆ పోటీని చూసి నవ్వే ధైర్యం ఎవరికైనా ఉందా? ఈ రీల్స్ వీరుల్లో ఒక్కరైనా తమ డివిజన్‌లో మోరీ ఎక్కడ పూడిందో చెప్పగలరా?

నవ్వించాలని అంత ఉబలాటంగా ఉంటే హన్మకొండలో ఆ కాళోజీ పేరిటే కళాక్షేత్రం కట్టి ఉంది. టికెట్ పెట్టి ఆడండి. మేమూ కొనుక్కుని వస్తాం. రిటర్నింగ్ అధికారి బల్ల దగ్గర మాత్రం ఆ ఉల్లిగడ్డల దండ తీసి, పక్కకు జరిగి, వెనక నిలబడ్డవాళ్లకు దారివ్వండి.