డెక్క తీసినంత మాత్రాన సరిపోదు

నీటి మీద తేలుతూ పెరిగే కలుపు మొక్క గుర్రపు డెక్కను తీసేస్తే హైదరాబాద్ చెరువులు బాగుపడతాయని మీ వ్యాసంలో రాశారు. తీయాల్సిందే. కానీ దానికి మేత పెడుతున్నది మన ఇళ్ల మురుగులోని నత్రజని, భాస్వరమే. అవి నాలాల్లో వస్తున్నంత కాలం డెక్క మళ్లీ మొలుస్తూనే ఉంటుంది.

మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. రాత్రిళ్లు నాచు కూడా పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. మా చెరువు కట్ట మీద పొద్దున్నే నిలబడితే చేపలు నోళ్లు పైకెత్తి ఆయాసపడుతుంటాయి, చూడలేం. ఆక్సిజన్ పూర్తిగా పోయాక వేరే రకం బ్యాక్టీరియా సల్ఫేట్‌తో బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. నాలా పక్క ఇళ్లలో వెండి పట్టీలు తొందరగా నల్లబడేదీ ఆ వాయువుకే.

పటాన్‌చెరు ప్రస్తావనే లేకపోవడం బాధగా ఉంది. అక్కడ మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లోనే ప్రచురించారు. శుద్ధి అయ్యాక కూడా అంత! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అలాంటి నీళ్లలో మందుకు లొంగని బ్యాక్టీరియానే బతికి బట్టకడుతుంది.

మన మురుగుశుద్ధి కేంద్రాలు నత్రజని, భాస్వరం ఎంత తీస్తున్నాయో దయచేసి లెక్కలతో ఇంకో వ్యాసం రాయండి.